సెన్సర్ మార్చినా లీన్ కోడ్ మళ్లీ ఎందుకు వస్తోంది?

ప్రశ్న: నాది 2013 చివర్లో కొన్న పెట్రోల్ కారు. 1.2 లీటర్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. నేను దేవరకొండ దగ్గర టీచర్‌ని. రోజూ స్కూలుకు, అప్పుడప్పుడు నల్గొండకు తప్ప పెద్దగా తిప్పను. పోయిన కార్తీకంలో ఇంటిల్లిపాదీ శ్రీశైలం వెళ్తుంటే మన్ననూరు దాటాక ఘాట్‌లో బండి లాగలేదు. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ గుంజి గుంజి వదిలింది. కాసేపటికి చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. తిరిగొచ్చాక స్కాన్ చేయిస్తే పీ0171, 'సిస్టమ్ లీన్' అన్నారు. ఆక్సిజన్ సెన్సర్ పోయిందని నాలుగున్నర వేలు పెట్టించి మార్చారు, ఇంజెక్టర్లు క్లీన్ చేశారు. పది రోజులకు మళ్లీ అదే లైట్. ఇప్పుడు ఇంకో మెకానిక్ 'ఎక్కడో గాలి పీలుస్తోంది, ఇన్‌టేక్ మేనిఫోల్డ్ దించాలి' అంటున్నాడు. మా బావమరిది మాత్రం అంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వల్లే అంటాడు. ఊళ్లో నడిపితే ఏ ఇబ్బందీ లేదు, ఐడిలింగ్ సాఫీగా ఉంది. బంకుకు వెళ్లినప్పుడల్లా ఐదొందలకు కొట్టిస్తాను, ట్యాంకు నింపి ఎన్నాళ్లయిందో గుర్తు లేదు. ఎవరి మాట వినాలి? మొదటిసారి స్కాన్ చేసినప్పటి స్క్రీన్ ఫొటోలు, బానెట్ ఫొటో, బిల్లు జత చేశాను.
— ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: సార్, ఆ మేనిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల భాగం) దించనివ్వకండి. కనీసం ఇప్పుడే వద్దు. మీరు అడిగినదానికి జవాబు చాలావరకు మీరు పంపిన రెండో ఫొటోలోనే ఉంది. స్కాన్ చేసిన అబ్బాయి దాన్ని తెరిచి చూశాడు, ఫొటో కూడా తీశాడు. అందులో ఏముందో మాత్రం ఎవరూ చదివినట్టు లేదు.

ముందు కోడ్ సంగతి. లీన్ అంటే గాలికి తగినంత పెట్రోల్ కలవకపోవడం. పీ0171 అంటే ఆక్సిజన్ సెన్సర్ చెడిపోయిందని కాదు. సైలెన్సర్ వైపు వెళ్లే పొగలో ఆక్సిజన్ ఎక్కువ మిగులుతోందని సెన్సర్ చెబుతుంది. అది విని ఇంజిన్ కంప్యూటర్ పెట్రోల్ కొంచెం కొంచెం పెంచుతుంది. అలా పెంచుతూ పోయి, తనకు పెట్టిన హద్దు దాటాక కూడా మిశ్రమం సరికాకపోతే ఈ కోడ్ రాసి లైట్ వెలిగిస్తుంది. చాలా కార్లలో ఆ హద్దు 20 నుంచి 25 శాతం మధ్య ఉంటుంది. అంటే కబురు తెచ్చింది సెన్సర్. ముందుగా దాన్నే మార్చేయడం మన దగ్గరే కాదు, అన్ని చోట్లా ఉన్న అలవాటే. అది చేతికి అందే చోట ఉంటుంది, ఒక్క స్పానర్‌తో ఊడివస్తుంది, దొరకడమూ తేలిక.

మార్చాక పది రోజులు లైట్ రాకపోవడానికి కారణం కొత్త సెన్సర్ కాదు. కోడ్ చెరిపేసినప్పుడు కంప్యూటర్ అంతకుముందు నేర్చుకున్న సవరణలన్నీ సున్నాకు వస్తాయి. మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. పైగా ఈ తప్పు వరుసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే లైట్ వెలుగుతుంది. మీరు స్కూలుకు, ఇంటికి మెల్లగా తిప్పుతుంటే దానికి పది రోజులు పట్టడంలో వింతేమీ లేదు. బ్యాటరీ తీసి పెట్టినా ఇదే జరుగుతుంది. దాన్ని రిపేరు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక ఆ రెండో ఫొటో. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ పడిన ఆ క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో కంప్యూటర్ దాచిపెట్టుకున్న లెక్క అది. మీదాంట్లో ఇలా ఉంది: 2,850 ఆర్పీఎం, వేగం 38 కిలోమీటర్లు, ఇంజిన్ లోడ్ 78 శాతం, కూలెంట్ వేడి 96 డిగ్రీలు, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ +18, షార్ట్ టర్మ్ +9. ఈ ట్రిమ్ అనేదే ఇందాక చెప్పిన సవరణ. లాంగ్ టర్మ్ అంటే కొన్నాళ్లుగా నేర్చుకుని స్థిరపడినది, షార్ట్ టర్మ్ అంటే ఆ నిమిషానికి చేస్తున్నది. రెండూ కలిపి చూడాలి. కలిపితే 27 శాతం. అంటే బండి రెండో గేరులో, నిండా మనుషులతో, ఎత్తు ఎక్కుతుండగా కంప్యూటర్ మామూలు కంటే పావు వంతుకు పైగా పెట్రోల్ అదనంగా అడిగింది. అయినా చాలలేదు.

ఐడిలింగ్‌లో అడిగేది చాలా తక్కువ పెట్రోల్. ఘాట్‌లో అడిగేది దానికి ఎన్నో రెట్లు. తక్కువ అడిగినప్పుడు సాఫీగా ఉండి, ఎక్కువ అడిగినప్పుడు కొరత పడుతోందంటే నాకు ముందు అనుమానం వచ్చేది పెట్రోల్ సరఫరా మీదే. ఎండాకాలంలో మేడ మీద ట్యాంకు అడుగంటినప్పుడు చూడండి, ఒక్క నల్లా తిప్పితే నీళ్లు బాగానే వస్తాయి, మూడు తిప్పితే దారం అవుతుంది. మీ కారు వెనక సీటు కింద, పెట్రోల్ ట్యాంకులో ఉన్న పంపు, దాని అడుగున ఉన్న జాలీ, పక్కనున్న ఫిల్టర్, ప్రెషర్ రెగ్యులేటర్, పంపుకు వెళ్లే కరెంటు: వీటిలో ఒకటి దోషి అని నా అంచనా. గ్యారంటీగా అదేనని అనడం లేదు, అందుకే కింద పరీక్షలు చెబుతున్నాను.

గాలి లీకు అన్న మెకానిక్ మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. పీ0171 గురించి ఎక్కడ వెతికినా మొదట కనిపించేది వ్యాక్యూమ్ లీకే, అంటే ఈ గాలి లీకే. కానీ ఆ సలహాల్లో చాలా భాగం మాఫ్ సెన్సర్ ఉన్న బండ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. మాఫ్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే పైపు మీద ఉండి, లోపలికి వెళ్లే గాలిని నేరుగా కొలుస్తుంది. దాన్ని దాటాక ఎక్కడైనా పగులు ఉంటే అక్కడి నుంచి దూరిన గాలి లెక్కలోకి రాదు, అందుకే లీన్ అవుతుంది. మీ బానెట్ ఫొటోలో ఆ పైపు మీద ఏ సెన్సరూ లేదు. మేనిఫోల్డ్ మీద చిన్న మ్యాప్ సెన్సర్ ఉంది. మన దగ్గర తిరిగే చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి ఇదే ఉంటుంది. ఇది గాలిని కొలవదు, మేనిఫోల్డ్ లోపలి ఒత్తిడిని కొలుస్తుంది. పగులులోంచి గాలి దూరితే ఆ ఒత్తిడి కూడా పెరుగుతుంది. కంప్యూటర్ దాన్ని చూసి పెట్రోల్ కూడా దానికి తగ్గట్టు పెంచుకుంటుంది. కాబట్టి ఇలాంటి బండిలో గాలి లీకు ముందు లీన్ కోడ్‌గా కాక, ఐడిలింగ్ పెరిగిపోవడంగానో, పైకీ కిందకీ ఊగడంగానో బయటపడుతుంది. మీకు ఐడిలింగ్ సాఫీగా ఉందన్నారు. పైగా ఏ బండిలోనైనా గాలి లీకు ఐడిలింగ్‌లోనే ఎక్కువ బాధిస్తుంది, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కాదు. అప్పుడు మేనిఫోల్డ్‌లో పీల్చే బలమే ఉండదు. రెండు విధాలా మీ లక్షణాలు అతని మాటకు కుదరడం లేదు.

మేనిఫోల్డ్ దించకుండానే చూడగలిగినవి ఉన్నాయి, అవి చూడండి. బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే లావు పైపు, పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ మేనిఫోల్డ్‌కు తెచ్చేది), సన్నటి రబ్బరు గొట్టాలు చేత్తో వంచి చూస్తే చాలు. పన్నెండేళ్ల రబ్బరు, నల్గొండ జిల్లా మే నెల 44, 45 డిగ్రీల ఎండ. గట్టిపడి, వంచితే పగుళ్లు తేలుతాయి. వరి కోతల తర్వాత బానెట్ కింద చేరే ఎలుకల సంగతి మీకు నేను చెప్పాలా? కొరికిన వైరు కనిపిస్తే అదీ చూడండి. కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి లీకు వెతికే పద్ధతి మన షెడ్లలో ఉంది. వేడెక్కిన ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి పోయే గొట్టాలు) పక్కన అది మంటలు పెట్టే పని. ఎవరైనా చేయబోతే ఆపండి, నీళ్ల స్ప్రే చాలు.

బావమరిది గారి మాటలో సగం నిజం ఉంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది. శుద్ధమైన పెట్రోల్ ఒక కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఈ20కి లెక్క కడితే దాదాపు 13.5 వస్తుంది. అంటే అదే గాలికి శుద్ధమైన పెట్రోల్ కంటే ఎనిమిది తొమ్మిది శాతం, ఈ10 కంటే నాలుగైదు శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. 2013లో మీ కారు తయారైనప్పుడు ఈ20 లెక్కలో లేదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది అదే. కంప్యూటర్ ఆ తేడాను సర్దుకోగలదు, సర్దుకుంటోంది కూడా. కాకపోతే తనకున్న 25 శాతం వెసులుబాటులో కొంత దానికే ఖర్చయిపోతోంది. ఇంతకుముందైతే బలహీనపడిన పంపుతో ఇంకో ఏడాది లైట్ రాకుండా నడిచేదేమో. ఈ20 తప్పు చేయలేదు, ఉన్న తప్పును త్వరగా బయటపెట్టింది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పాత ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని ఇథనాల్ కదిలిస్తుంది. అది పోయి చేరేది జాలీలోనూ ఫిల్టర్‌లోనూనే. ఇథనాల్ లేని పెట్రోల్ కోసం ఊరూరా వెతకడం మాత్రం దండగ.

ఇప్పుడు చేయాల్సిన పని. కారు కంప్యూటర్ లెక్కలను ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఒకటి కొనండి, వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో పెట్టి ఫోన్‌తో కలపండి. మీ కారు వయసు బండ్లు చాలావరకు దీనితో మాట్లాడతాయి. సెన్సర్‌కు పెట్టిన డబ్బులో ఇది నాలుగో వంతు కూడా కాదు, ముందు మీరు కొనాల్సింది ఇదే.

బండి బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, ఐడిలింగ్‌లో రెండు ట్రిమ్‌లూ రాసుకోండి. తర్వాత 2,500 ఆర్పీఎం దగ్గర ఒక నిమిషం నిలిపి మళ్లీ రాసుకోండి. కలిపిన మొత్తం పది లోపు ఉంటే కంగారు లేదు, అందులో ఈ20 వాటా ఎలాగూ ఉంటుంది. ఐడిలింగ్‌లో ఇరవై దాటి, 2,500 దగ్గర అయిదారుకు దిగిపోతే మెకానిక్ చెప్పిన గాలి లీకుకు నేను కూడా ఓటేస్తాను. ఐడిలింగ్‌లో తక్కువగా ఉండి పైకి వెళ్లేకొద్దీ పెరిగితే సరఫరా. మీ ఫ్రీజ్ ఫ్రేమ్ రెండో దానివైపే చూపిస్తోంది.

తర్వాతది అసలు పరీక్ష. దీనికి ఘాట్ దాకా వెళ్లనక్కర్లేదు, ఊరి బయట ఖాళీగా ఉన్న ఎత్తు రోడ్డు చాలు. మీరు నడపండి, ఫోన్ బావమరిది గారికి ఇవ్వండి. మీరే చూస్తూ నడపొద్దు. ఫోన్‌లో మొదటి ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ తెరవండి. మామూలుగా అది 0.1కి 0.9కి మధ్య పరుగులు పెడుతూ ఉంటుంది. మూడో గేరులో 2,500 దగ్గర నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి నాలుగైదు సెకన్లు పట్టుకోండి. పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటర్ కావాలనే పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, కాబట్టి వోల్టేజీ 0.8 పైన నిలబడాలి. మొదట 0.8కి ఎగిరి, రెండు మూడు సెకన్లకు 0.3, 0.2కి పడిపోయిందంటే ఇక అనుమానం అక్కర్లేదు, పెట్రోల్ అందడం లేదు. అదే సమయంలో కొత్త సెన్సర్ బాగానే ఉందనీ తేలిపోతుంది. చెడిపోయిన సెన్సర్ అంత చురుగ్గా ఎగిరి దిగదు.

అలా పడిపోతే, ముందు చేయాల్సింది ఖర్చు లేనిది. ట్యాంకులో సగానికి పైగా పెట్రోల్ పోయించి అదే పరీక్ష మళ్లీ చేయండి. ఈ రోజు ధరకు ఐదొందలకు వచ్చేది ఐదు లీటర్ల లోపే. మీ ముల్లు ఎప్పుడూ రిజర్వు దగ్గరే తిరుగుతోందని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ట్యాంకులోని పంపును చల్లార్చేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే. పంపు మాడ్యూల్‌లో కొంచెం పెట్రోల్ నిలవడానికి చిన్న గిన్నె ఉంటుంది, మలుపుల్లో ఎండిపోకుండా. అయినా ఏళ్ల తరబడి అడుగున ఉన్న పెట్రోల్‌తో, మన ఎండల్లో నడిపితే పంపు ఆయుష్షు తగ్గుతుంది, అడుగున ఉన్న మడ్డి కూడా జాలీకే పడుతుంది. సగం ట్యాంకుతో వోల్టేజీ పడిపోవడం ఆగితే కొన్నాళ్లు అలాగే నడపండి. కానీ జాలీ మాత్రం తీయించి చూడండి.

అప్పటికీ పడిపోతుంటే ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి, మెకానిక్ దగ్గరికి కాదు. వెనక సీటు ఎత్తితే పంపు కనెక్టర్ కనిపిస్తుంది. కనెక్టర్ పెట్టే ఉంచి, ఇంజిన్ నడుస్తుండగా, వైరు వెనక నుంచి మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడమనండి. బ్యాటరీ దగ్గర 14 ఉంటే ఇక్కడ 13.5కి తగ్గకూడదు. 12కి దిగిపోయిందంటే పంపు తప్పు లేదు, దానికి కూడు సరిగ్గా పెట్టడం లేదు. ఎర్త్ వైరు బోల్టు తుప్పు పట్టడం, రిలే (పంపుకు కరెంటు కలిపే స్విచ్) కాళ్లు కాలిపోవడం పాత బండ్లలో చాలా మామూలు. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే పోయే తప్పుకు కొత్త పంపు కొనిపించేవాళ్లున్నారు. అందుకే ఈ పరీక్ష ముందు పెట్టాను. కనెక్టర్ ఊడదీసి చూస్తే వోల్టేజీ ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది, అది లెక్కలోకి రాదు.

కరెంటు సరిగ్గా ఉంటే అప్పుడు ప్రెషర్ గేజ్. ఇలాంటి ఇంజిన్లలో పెట్రోల్ లైన్ ప్రెషర్ మామూలుగా 3 నుంచి 4 బార్ మధ్య ఉంటుంది. మీ మోడల్‌కు ఖచ్చితంగా ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో చూడమనండి. ఐడిలింగ్‌లో సరిగ్గా ఉందని వదిలేయకూడదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వీలైతే గేజ్ కట్టుకుని బండి నడిపినప్పుడు పడిపోతోందా చూడాలి. ఈ పని ఆరుబయటే చేయించండి. ముందు పంపు రిలే తీసి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపితే లైన్‌లో ప్రెషర్ పోతుంది. ఆ తర్వాతే పైపు ఊడదీయాలి. బీడీ కాల్చే మనిషి దగ్గర్లో ఉండకూడదు. నవ్వకండి, షెడ్లలో ఇది రోజూ కనిపించేదే.

లెక్కలు నా అంచనాకు ఎదురు వస్తే, అంటే తొక్కినప్పుడు వోల్టేజీ బాగానే నిలబడి, ట్రిమ్ మాత్రం అన్ని చోట్లా ఒకేలా ఎక్కువగా ఉంటే, అప్పుడు వేరే దారి పట్టాలి. సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర సన్న పగులున్నా బయటి గాలి లోపలికి లాగబడి, సెన్సర్‌కు లేని ఆక్సిజన్ కనిపిస్తుంది. పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్ మని చప్పుడు వచ్చి, వేడెక్కాక తగ్గుతోందా వినండి. ఆ చుట్టుపక్కల నల్లటి మసి మరక కూడా చూడండి. ప్లగ్గు ఒకటి సరిగ్గా కాల్చకపోయినా అంతే, మండని గాలి మొత్తం బయటికొచ్చి లీన్‌గా లెక్క పడుతుంది. దీన్నే మిస్‌ఫైర్ అంటారు, అప్పుడు సాధారణంగా దాని కోడ్, పీ0300 వరసలోది, కూడా తోడు వస్తుంది, మీకు రాలేదు. ఇక మ్యాప్ సెన్సర్. తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఫోన్‌లో చూస్తే బయటి గాలి ఒత్తిడి చూపించాలి. మన ప్రాంతపు ఎత్తుకు 94 నుంచి 98 కిలోపాస్కల్ దాకా ఉండాలి. ఎనభై చూపిస్తుంటే అది అబద్ధం చెబుతోంది, ఆ అబద్ధం నమ్మి కంప్యూటర్ పెట్రోల్ తగ్గిస్తోంది.

బిల్లులో ఒక్క మాట. 'ఆక్సిజన్ సెన్సర్ — 1' అని మాత్రమే రాశారు. మీ కారుకు రెండు ఉంటాయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందొకటి, తర్వాతొకటి. పెట్రోల్ లెక్క ప్రధానంగా ముందున్న దానితోనే. ఏది కొత్తగా మెరుస్తోందో కింద వంగి చూడండి. వెనకది మార్చి ఉంటే వెళ్లి అడగండి, మర్యాదగానే. ఈ పీ0171కి దానితో పని లేదు.

అప్పటిదాకా కారు ఆపేయనక్కర్లేదు. స్కూలుకు, ఇంటికి తిప్పుకోవచ్చు. బరువేసి ఎత్తులు ఎక్కించొద్దు. లోడ్‌లో పెట్రోల్ చాలకపోతే ఇంజిన్ లోపల వేడి పెరుగుతుంది, వాల్వులు దెబ్బతింటాయి. లైట్ వెలగడం కాక మినుకు మినుకుమంటే మాత్రం పక్కకు తీసి ఆపండి, అది మిస్‌ఫైర్ గుర్తు, కన్వర్టర్ పాడవుతుంది. కోడ్ చెరిపించుకుని పొల్యూషన్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చని ఎవరైనా అంటే, సర్టిఫికెట్ వస్తుందేమో గానీ ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది. మనకు కావాల్సింది అదే.

పంపే మార్చాల్సి వస్తే, మొత్తం మాడ్యూల్ కొనే ముందు జాలీ, మోటార్, ఫిల్టర్ విడిగా దొరుకుతాయేమో కనుక్కోండి. నల్గొండలో లేవంటే హైదరాబాద్ రాణిగంజ్‌లో అడిగించండి. మాడ్యూల్ ధరకూ విడి భాగాల ధరకూ చాలా తేడా ఉంటుంది. మీ బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు 2028లో నిండుతుంది, దాని మీద ఎంత పెట్టాలో ఆ లెక్కతో చూసుకోండి. తీసిన పాత జాలీని మాత్రం మీ ముందు తెల్ల కాగితం మీద దులపమనండి. గోధుమరంగు మడ్డి రాలితే పంపు మోటార్ మార్చకుండా, ట్యాంకు కడిగించి కొత్త జాలీ వేసి, అదే ఎత్తు రోడ్డు మీద అదే పరీక్ష ఇంకోసారి చేయండి. 0.8 నిలబడితే అక్కడితో ఆపేయండి.